రాణి బొమ్మ పక్కన కాస్త చోటు

మహా విశాఖ నగరపాలక సంస్థ మేయర్ గారికి, కార్పొరేటర్లందరికీ,

పాతనగరంలో రాణి బొమ్మ గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. విక్టోరియా మహారాణి అక్కడ వందేళ్లకు పైగా నిలబడి ఉంది. ఆటోవాళ్లకు అదో సెంటరు, కురుపాం మార్కెట్‌కు వచ్చేవాళ్లకు అదో గుర్తు. ఆవిడెవరో తెలియకుండానే రోజూ ‘రాణి బొమ్మ దగ్గర దింపు’ అనేవాళ్లు బోలెడుమంది. ఆ విగ్రహాన్ని తీసేయమని ఈ ఉత్తరం రాయడం లేదు. ఉండనివ్వండి, ఉంటేనే నా వాదనకు బలం. ఆవిడ ఏలుబడిలో, 1837 నుంచి 1901 దాకా, మన కోస్తా జిల్లాల నుంచి పొట్ట చేత పట్టుకుని సముద్రం దాటిన కూలిజనం వేలకు వేలు. ఆవిడ పోయాక కూడా ఆ ఓడలు ఆగలేదు. వాళ్ల పేరు చెప్పే రాయి ఈ నగరంలో ఒక్కటి కూడా నా కంటపడలేదు. ఆ రాయి పెట్టించమని అడగడానికే ఈ ఉత్తరం. ఎలాంటి రాయి, ఎక్కడ, ఎవర్ని అడిగి పెట్టాలన్నది కూడా చెప్తాను. ఎందుకంటే మన దగ్గర విగ్రహం పెట్టడం తేలిక, సరిగ్గా పెట్టడమే కష్టం.

బీచ్ రోడ్డు మీద ఒకసారి నడిచి చూడండి. నాయకులున్నారు, కవులున్నారు, సినిమావాళ్లున్నారు. 1971 యుద్ధ విజయానికి స్తూపముంది. ఇసుక ఒడ్డున కురుసుర జలాంతర్గామి ఉంది, దానికెదురుగా యుద్ధవిమానం ఉంది. ఏదీ వద్దనను. కానీ అక్కడున్నవాళ్లందరి పేర్లూ విగ్రహం లేకపోయినా మనకు తెలిసినవే. ఈ నగరాన్ని, ఈ తీరాన్ని ప్రపంచపటం మీద మోసుకెళ్లినవాళ్లలో ఎక్కువమంది పేరు లేనివాళ్లు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, పేరున్నా దానికి ముందు నంబరు తగిలించుకున్నవాళ్లు.

ఆ నంబరు సంగతి కాస్త చెప్పాలి. 1860లో మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ 342 మందితో బయల్దేరి నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకుతోటలకు, రైలుకట్టలకు, బొగ్గుగనులకు వెళ్లిన భారతీయ కూలీలు 1,52,184 మంది. వాళ్లలో దాదాపు మూడింట రెండొంతులు మద్రాసు రేవులోనే ఓడెక్కారు. ఆ మద్రాసు లెక్కలో తమిళులతో పాటు విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. ఒక్కొక్క ఓడకు ఒక్కొక్క చిట్టా. ఆ చిట్టాలో గడులు ఇవి: కలోనియల్ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీద పుట్టుమచ్చలూ గాయాల గుర్తులూ. పారిపోతే పట్టుకోవడానికి ఆ ఆఖరి గడి. ఇవాళ మనకు పనికొచ్చేది దానికి ముందున్న గడి, ఊరు.

ఆ ఊరి పేరు రాసినవాడు ఇంగ్లీషు గుమాస్తా. చెప్పినవాడు జీవితంలో మొదటిసారి కాగితం ముందు నిలబడ్డ పాలకొండ తాలూకా కూలీ. మధ్యలో ఒక దుబాసీ, అతనిది ఏ ఊరో ఏ భాషో. శ్రీకాకుళం చికాకోల్ అయిపోయిన కాలం అది. పెద్ద ఊళ్లకే ఆ గతి పడితే, పాతిక గడపల పల్లె పేరు ఆ చిట్టాలో ఏమై ఉంటుందో మీరే ఊహించండి. డర్బన్ నుంచి, మారిషస్ నుంచి ముత్తాత ఊరు వెతుక్కుంటూ వచ్చేవాళ్ల చేతిలో ఉండేది ఆ చిట్టా నకలే. దాన్ని పట్టుకుని కలెక్టరాఫీసుకు వెళ్తే అక్కడివాళ్లకు ఆ స్పెల్లింగు అర్థం కాదు. చూపించాల్సింది ఊరి మనిషికి. ఆ మాట మళ్లీ ఎత్తుతాను.

మారిషస్‌కు కూలీల ఓడలు అంతకంటే ముందు, 1834 నుంచే మొదలయ్యాయి. పోర్ట్ లూయీ రేవులో వాళ్లు దిగిన చోటు పేరు ఆప్రవాసీ ఘాట్. దాదాపు ఐదు లక్షలమంది ఆ ద్వీపంలో అడుగుపెట్టారు. ఓడ దిగినవాళ్లు రేవు నుంచి లోపలికి ఎక్కివచ్చిన 16 రాతిమెట్లు ఇప్పటికీ ఉన్నాయి. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ రాక గుర్తుగా ఏటా నవంబరు 2న ఆ దేశానికి సెలవు. అక్కడ శిల్పి పని పెద్దగా ఏమీ లేదు. మెట్లను మెట్లలాగే ఉంచారు, అంతే. ఎక్కినవాళ్ల మునిమనవలు వచ్చి నిలబడి చూసుకుంటారు.

ఆ మారిషస్ తెలుగువాళ్లు ఏం మోసుకెళ్లారో తెలుసుకుంటే ఈ నగరానికి గర్వం కలుగుతుందో సిగ్గు కలుగుతుందో నాకు తెలియదు. వాళ్లు ఇప్పటికీ సింహాద్రి అప్పన్నకు పూజ చేసుకుంటారు. మీ కౌన్సిలు హాలు నుంచి గంటలో వెళ్లివచ్చే కొండమీది స్వామి. అమ్మోరు పండగ చేసుకుంటారు. రాత్రంతా రామభజన చేస్తారు. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవుదినం. ఇన్ని తరాల తర్వాత, చాలామందికి ఇంట్లో తెలుగు మాట్లాడడం పోయాక కూడా, అప్పన్న మిగిలాడు. అదే మనవాళ్లు ప్రపంచ తెలుగు మహాసభలు పెట్టినప్పుడు (1981లో కౌలాలంపూర్‌లో, 1990లో ఆ మారిషస్‌లోనే జరిగాయి) వేదిక మీదికెక్కే తెలుగు సంస్కృతి మాత్రం పట్టుపంచె, కూచిపూడి, అవధానం. వాటి మీద నాకేం కోపం లేదు. ఓడెక్కినవాళ్ల సామానులో అవి ఉండే అవకాశం తక్కువ, అంతే. తప్పెటగుళ్లు, జముకు, గ్రామదేవత, భజనగుంపు, ఇవి ఉన్నాయి. ఓడ చిట్టాల్లో కులం గడి చూస్తే సంగతి తేలిపోతుంది. మాల, మాదిగ, కాపు, గొల్ల, గవర, అప్పట్లో భూమి లేనివాళ్లు, ఉన్నా కరువుకు పోగొట్టుకున్నవాళ్లు. 1866లో గంజాం కరువు, 1876–78లో మద్రాసు రాజధానిని ఊపేసిన పెద్ద కరువు. కాబట్టి వలస వారసత్వం పేరుతో మీరు ఏ బొమ్మ పెట్టినా, అందులో కనిపించే సంస్కృతి వాళ్లది కావాలి, మన మహాసభలది కాకూడదు. ఇది నా మొదటి విన్నపం.

ఇక రంగం, అంటే బర్మాలోని రంగూన్. నటాల్, మారిషస్ సంగతి పుస్తకాల్లోనైనా దొరుకుతుంది. రంగం మాత్రం మన ఇళ్లలోనే ఉంది, మనమే చూడడం లేదు. ఉత్తరాంధ్రలో పాతకాలపు ఇల్లు విప్పితే బర్మాటేకు దూలం దొరుకుతుంది. పాత సామాన్లలో నల్ల లక్క పూసిన, ఎర్రగా చెక్కుడుపని చేసిన తమలపాకుల డబ్బా ఒకటి ఉంటుంది. ‘రంగమెళ్లొచ్చిన తాతది’ అంటారు. కోతలయ్యాక ఓడెక్కడం, రెండు మూడేళ్లు చాకిరీ చేసి కాస్త డబ్బుతో తిరిగిరావడం, పెళ్లిళ్లు అవగానే మళ్లీ వెళ్లడం ఇక్కడి పల్లెలకు మామూలు బతుకు. ఈ వలసకు చెరకుతోటల ఒప్పందకాగితం లేదు, మేస్త్రీ ఇచ్చే బయానా అప్పు ఉంది. టిక్కెట్టు డబ్బు మేస్త్రీదే, పనీ మేస్త్రీదే, జీతంలో కోతా మేస్త్రీదే. రేవుల్లో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో చేశారు, రిక్షాలు లాగారు, రంగూన్ వీధులూ దొడ్లూ ఊడ్చారు. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. మన తెలుగువాళ్లను అక్కడివాళ్లు కొరంగీలనేవాళ్లు. తుపానులకు కొట్టుకుపోయిన మన కోరంగి రేవు పేరు అది, గౌరవంగా అన్నమాట కాదు.

విశాఖకు లోపలి హార్బరు వచ్చింది 1933లో. అంతకుముందు ఓడ దూరాన సముద్రంలో లంగరు వేసుకుని నిలబడేది. కొబ్బరి పీచుతో కుట్టిన మసూలా పడవల్లో మనుషుల్ని అలల మీదుగా తీసుకెళ్లి ఓడెక్కించేవాళ్లు. భీమిలి, కళింగపట్నం, కాకినాడ రేవుల్లోనూ అదే తంతు. సముద్రం లేచిన రోజున మూటా ముల్లె తడిసి, తట్ట తిరగబడి, పిల్లలు ఏడ్చి, ఒడ్డునున్న అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డ చోటు అది. ఇవాళ అక్కడ రేవు గేట్లున్నాయి, లారీల వరసలున్నాయి. ఆ చోటు ఇదీ అని చెప్పే ఒక పలక లేదు.

రంగం కథ సుఖంగా ముగియలేదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మీయులను పెట్టుకున్నాయి. రాజీ కుదిరి తెలుగువాళ్లను మళ్లీ పిలవగానే, పని పోయిన బర్మీయులకూ వీళ్లకూ మధ్య గొడవ రేగి ఊరంతా పాకింది. వందమందికి పైగా చచ్చిపోయారు, చచ్చినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఓడ దొరకనివాళ్లు అరకాన్ వైపు, మణిపూర్ వైపు కొండల్లో నడిచారు. లక్షలమంది నడిచారు, వేలమంది దారిలోనే పోయారు. తప్పించుకుని మన ఒడ్డుకు చేరినవాళ్లకు ఇక్కడా నిమ్మళం లేదు. 1942 ఏప్రిల్ 6న అదే జపాన్ విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేసింది.

యుద్ధమయ్యాక కొందరు తిరిగి వెళ్లారు. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చింది. తర్వాతి రెండేళ్లలో దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేసింది. 1964లో 50, 100 చాట్ల నోట్లు రద్దు చేసింది. అలా సుమారు మూడు లక్షలమంది భారతీయులు బర్మా వదిలి వచ్చారు. కొన్ని ఓడలు మన రేవుకే వచ్చాయి. అలా దిగినవాళ్లకు ప్రభుత్వం చూపించిన చోటే కంచరపాలెం వైపున్న బర్మా క్యాంపు. క్యాంపు అంటే నాలుగు రోజులు ఉండి పోయేది. ఇది మూడు తరాలుగా ఉంది, పేరు మాత్రం క్యాంపే.

అక్కడి పెద్దావిడలు కొందరు ఇప్పటికీ ఎండలోకి వెళ్లేముందు చెంపలకు తనకా పూసుకుంటారు. చెక్కను రాతి సాన మీద నీళ్లతో అరగదీస్తే వచ్చే లేత పసుపు గంధం. బర్మా ఆడవాళ్లందరూ పూసుకునేదే. వీధిలోని నూడిల్స్ బండి దగ్గర నిలబడితే ఉడికిన నూడిల్స్ మీద వేయించిన వెల్లుల్లి, శనగపిండి, చింతపండు రసం, ఎండుమిరప కారం వేసి, చేత్తోనే కలిపి ఇస్తారు. ఆ చింతపండు మనదే, ఆ వెల్లుల్లి నూనె బర్మాది. కోపమొస్తే తిట్టు బర్మీయంలో, దండం పెడితే అప్పన్నకి. నగర సంస్కృతి గురించి మీరు సలహాదారులకు డబ్బు కట్టి నివేదికలు తెప్పించుకునేముందు, ఒక సాయంత్రం ఆ బండి దగ్గరికి వెళ్లిరండి. అధికారులను వెంటేసుకోకుండా వెళ్లండి, లేకపోతే ఆ రోజుకు బండి తీయించేస్తారు.

మిగతా ఊళ్లు ఏం చేశాయో చూద్దాం. కలకత్తా నుంచి సురినామ్‌కు వెళ్లిన కూలీలకు గుర్తుగా అక్కడి గార్డెన్‌రీచ్‌లో సురినామ్ ఘాట్ దగ్గర 2015లో మాయీ-బాప్ విగ్రహం పెట్టారు. పరామరిబోలో దిగినచోట ఉన్న జంటకు అది నకలు. ఎక్కినచోటా దిగినచోటా అదే ఆలుమగలు, అదే మూట. ఆలోచన బాగుంది. డబ్లిన్‌లో రోవాన్ గిల్లెస్పీ అనే శిల్పి లిఫీ నది ఒడ్డున 1997లో కరువు శిల్పాలు పెట్టాడు. 1840ల ఆలుగడ్డల కరువులో ఓడల వైపు నడిచి వెళ్తున్న ఐరిష్ జనం, ఎముకలు తేలి, చింపిరి గుడ్డల్లో. పీఠం లేదు, కంచె లేదు, ఆఫీసుకు వెళ్లేవాళ్లు వాళ్ల మధ్య నుంచే నడుస్తారు. అదే శిల్పి 2007లో కెనడాలోని టొరంటో ఒడ్డున ఐర్లండ్ పార్కులో దిగినవాళ్లను పెట్టాడు. అక్కడ రాతిస్తంభాల సందుల్లో, 1847లో ఆ ఊరు చేరి చచ్చిపోయినవాళ్లలో ఆరువందలకు పైగా మనుషుల పేర్లు చెక్కారు. నన్నడిగితే ఈ రెండింటిలో గొప్పది టొరంటోది. డబ్లిన్ విగ్రహాలు చూస్తే గుండె చెరువవుతుంది, సరే. టొరంటోలో మాత్రం ఫలానా మనిషి అని తెలుస్తుంది.

లండన్ వాటర్లూ స్టేషన్లో 2022లో విండ్‌రష్ స్మారకం పెట్టారు. కరీబియన్ దీవుల నుంచి వచ్చి యుద్ధం తర్వాత బ్రిటన్‌ను నిలబెట్టినవాళ్ల గుర్తుగా, సూట్‌కేసుల గుట్ట మీద ఒక మగమనిషి, ఆడమనిషి, బిడ్డ. జమైకాలో పుట్టిన బేసిల్ వాట్సన్ చేశాడు. శిల్పం బాగానే ఉంది. ఆ చోటు ఎవరు ఎంచారు, మమ్మల్ని ఎవరడిగారు అని ఆ వలసజనంలోంచే విమర్శ వచ్చింది. మా కాగితాల హక్కులు తేల్చకుండా బొమ్మ దేనికని కూడా అడిగారు. మీరు రేపు రిబ్బను కోసే రోజున బర్మా క్యాంపు నుంచి ఆ ప్రశ్న రాకూడదనే ముందే చెప్తున్నాను. వాళ్ల ఇళ్ల పట్టాల సంగతి, కాలవల సంగతి బొమ్మకు ముందు మాట్లాడాలి.

ఇక ఎలా పెట్టకూడదో చెప్తాను. ఫైబర్ గ్లాసుతో వద్దు, రెండు ఎండలకు రంగు పొరలు లేచిపోతుంది. ఉప్పుగాలికి తుప్పెక్కే ఇనుప తుక్కు శిల్పం అసలే వద్దు. గోడల మీద రంగులు వేసి, స్వచ్ఛ సర్వేక్షణ్ అయ్యాక సినిమా పోస్టర్లు అంటించుకోనిచ్చే పద్ధతి వద్దు. ‘మనవాళ్లు ఎక్కడికెళ్లినా రాణించారు’ అని, వలసకు సాఫ్ట్‌వేరు కంపెనీ అధిపతుల ఫొటోలు జోడించే గ్యాలరీ వద్దు. వాళ్లకు వేరే వేదికలున్నాయి. తలపాగా, మూట, పక్కన నెత్తిన బుట్టతో భార్య, చేతిలో బిడ్డ అన్న అచ్చుబొమ్మ కూడా వద్దు. ఓడెక్కినవాళ్లందరూ అలా కుటుంబాలుగా ఎక్కలేదు. నూరుమంది మగవాళ్లకు 40 మంది ఆడవాళ్లుండాలని నిబంధన పెట్టి, ఆ లెక్క నింపడానికి దళారులు నానా గడ్డీ కరిచారు. మొగుడు పోయినవాళ్లు, ఇంటివాళ్లు వెళ్లగొట్టినవాళ్లు, కరువులో ఒంటరైనవాళ్లు అలా ఓడెక్కారు. వాళ్ల పక్కన శిల్పి ఊహించుకున్న భర్తను నిలబెట్టకండి.

నేను అడిగేది పేర్ల గోడ. రాణి బొమ్మకూ రేవుకూ మధ్య పాతనగరంలో కార్పొరేషన్ చేతిలో ఉన్న ఏ చిన్న స్థలమైనా చాలు. రాయి శ్రీకాకుళం జిల్లా టెక్కలి నీలిగ్రానైటు. ఆ రాయి మనుషుల్లాగే మన ఊళ్లు వదిలి ఓడెక్కి పోతూనే ఉంది, కాస్త ఇక్కడా మిగలనివ్వండి. ఉప్పుగాలిని తట్టుకునే రాయి కూడా. దాని మీద పేర్లు ఊరి వరసన చెక్కాలి. ఓడల వరసన కాదు, కులాల వరసన అంతకన్నా కాదు. పాలకొండ తాలూకా ఊళ్ల కింద ఆ ఊళ్లవాళ్లు, చోడవరం ఊళ్ల కింద ఆ ఊళ్లవాళ్లు. మొదట మగపేరు, దాని కింద ‘భార్య’ అని కాకుండా ఆడవాళ్ల పేర్లు విడిగా, అంతే పెద్ద అక్షరాల్లో. కలోనియల్ నంబరు కూడా చెక్కాలా అన్నదాని మీద నా మిత్రులతో వాదన అయింది. వాళ్లు అవమానమన్నారు. చెక్కాలనే నేనంటాను. పేరు పెద్దగా, నంబరు చిన్నగా. ఆ నంబరు పట్టుకునే దూరదేశపు మనవరాలు తన మనిషిని వెతుక్కుంటుంది.

పేర్లు ఎక్కడివంటారా? నటాల్ ఓడ చిట్టాలు దక్షిణాఫ్రికా పత్రాగారాల్లో ఉన్నాయి, వాటి మీద ఎందరో పరిశోధకులు ఏళ్ల తరబడి పనిచేశారు. మారిషస్ చిట్టాలు, 1860ల నుంచి తీసిన కూలీల ఫొటోలతో సహా, మోకా ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. కాబట్టి ముఖాలను ఊహించుకుని చెక్కే పని కూడా లేదు, అసలు ముఖాలే ఉన్నాయి. నగరపాలక సంస్థ నుంచి ఒక ఉత్తరం వెళ్తే నకళ్లు అడగొచ్చు. దక్షిణాఫ్రికాలో 1931 నుంచీ ఆంధ్ర మహాసభ ఉంది, మారిషస్‌లోనూ ఉంది. వాళ్లు సంతోషంగా చెయ్యి కలుపుతారనే నా నమ్మకం.

తర్వాతిది మన పని, ఇందాక ఆపిన ఊళ్ల మాట. గుమాస్తా వంకర స్పెల్లింగులో ఉన్న పల్లెల పేర్లను పోల్చగలిగింది మన గ్రామ సచివాలయాల సిబ్బంది, ఊరి పెద్దలు, పాత కరణాల ఇళ్లవాళ్లు. తాలూకాల వారీగా జాబితాలు విడదీసి శ్రీకాకుళం, విజయనగరం, మన్యం, అనకాపల్లి జిల్లాలకు పంపించండి. ‘ఇది మా ఊరి పక్కనున్న పేటండీ, తుపానుకు పోయింది, ఇప్పుడు లేదు’ అని చెప్పేవాళ్లు అక్కడే దొరుకుతారు. ఈ పోల్చే పని జరిగితే, గోడ లేవడానికి ఏళ్లు పట్టినా సగం స్మారకం అయినట్టే.

రంగం వెళ్లినవాళ్లకు అలాంటి చిట్టాలు లేవు, అది వేరే చిక్కు. ఒప్పందం లేని వలసకు ఊరూ పేరూ రాసుకున్న కాగితం తక్కువ. అందుకే బర్మా క్యాంపులో గోడ బదులు గొంతులు దాచాలి. 1960ల్లో ఓడ దిగినప్పుడు పిల్లలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు డెబ్బైకి అటూ ఇటూ ఉన్నారు. వాళ్లు ఏ ఓడలో వచ్చారు, ఏం తెచ్చుకోనిచ్చారు, రేవులో ఏం సోదా చేశారు, మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నారు, ఇవి రికార్డు చేయించండి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లలితకళల విభాగముంది, చరిత్ర విభాగముంది. విద్యార్థులకు ఇంతకంటే మంచి ప్రాజెక్టు ఉండదు. ఆ మాటలు వినిపించే చోటు క్యాంపులోనే కట్టండి, అరుగుతో, నీడతో. బొమ్మలు వేయాలంటే వాళ్ల పిల్లలతోనే వేయించండి. ఏం వేయాలో చెప్పకండి. బర్మా అంటే బంగారు పగోడా అనుకునేది మనం, వాళ్లు ఏం గీస్తారో చూద్దాం.

రోడ్లు బాగుచేయకుండా ఈ గోడ దేనికని మీ కౌన్సిల్లోనే ఎవరో ఒకరు అంటారు. బీచ్ రోడ్డు విగ్రహాలకు ఆ ప్రశ్న ఎన్నడూ వేయనివాళ్లు ఇప్పుడు వేస్తే, మినిట్స్‌లో రాయించండి. ఇంకో మాట కూడా వస్తుంది, ఇది కాస్త గట్టిది. ‘మా తాత కూలీగా వెళ్లాడని ఊరంతటికీ ఎందుకు చెప్పాలి?’ అని. ఉత్తరాంధ్రలో రంగం పోవడమంటే గొప్ప కాదు. అప్పు ఎగ్గొట్టి పోయాడనీ, పెళ్లాన్ని వదిలి పోయాడనీ చెవులు కొరుక్కున్న ఊళ్లు ఇవి. తిరిగి రానివాడికి అక్కడ ఇంకో సంసారముందని ఇక్కడి భార్య బొట్టు తీయకుండానే ముసలిదైపోయిన ఇళ్లున్నాయి. ఆ సిగ్గు నిజమే. కానీ ఆ సిగ్గు వాళ్లది కాదు. కరువులో పన్ను వసూలు చేసినవాళ్లది, అప్పుకు మనిషిని రాయించుకున్నవాళ్లది, ఓడలో జంతువుల్లా కుక్కి టిక్కెట్టు లాభం లెక్కవేసుకున్నవాళ్లది. అభ్యంతరమున్న కుటుంబం ఆ పేరు వద్దంటే వద్దు, మారుమాట లేకుండా తీసేయాలి.

వలస అయిపోయిన కథ అనుకుంటారేమో. 2018 చివర్లో గుజరాత్‌లోని వేరావల్ నుంచి చేపల వేటకు వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన మత్స్యకారులు ఎక్కడివాళ్లు? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లే. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో విడుదలై వచ్చారు. వాళ్ల మీద 2025లో ‘తండేల్’ అని సినిమా కూడా వచ్చింది. వందేళ్ల కిందట వెళ్లినవాళ్లకు రాయి పడకముందే వీళ్లకు సినిమా పడింది, మంచిదే. చెన్నై, హైదరాబాద్ మేడల పరంజాల మీదున్నవాళ్లకు సినిమా కూడా లేదు. ఈ గోడ దగ్గరికి రేపు వచ్చేవాళ్లలో డర్బన్ చుట్టాల కంటే, రైలుకు టైముందని ఆగిన ఈ మేస్త్రీ కూలీలే ఎక్కువ ఉండొచ్చు. అందుకే టిక్కెట్టు పెట్టకండి, గేటు పెట్టకండి, సాయంత్రం ఆరింటికి మూయకండి. కుళాయి ఒకటి, మరుగుదొడ్డి ఒకటి కట్టండి. నిర్వహణకు ఏటా వేరే పద్దు పెట్టండి. ప్రారంభోత్సవం తర్వాత ఏ అధికారి బాధ్యతో పలకమీదే రాయించినా నాకు అభ్యంతరం లేదు.

ప్రస్తుతానికి మిమ్మల్ని అడిగేవి మూడే. ఓడ చిట్టాల నకళ్ల కోసం దక్షిణాఫ్రికాకు, మారిషస్‌కు కార్పొరేషన్ తరఫున ఉత్తరాలు రాయండి. స్థలం ఎంపిక చేసేలోపు బర్మా క్యాంపులో ఒక ఆదివారం సాయంత్రం సమావేశం పెట్టండి, కౌన్సిలు హాల్లో ఏసీ కింద కాదు. పట్టాల ఫైలు కూడా ఆ సమావేశానికే పట్టుకురండి. పందిరి, కుర్చీలు మేం చూసుకుంటాం. తేదీ మాత్రం పది రోజుల ముందు చెప్పండి. షిఫ్టు పనులకు వెళ్లేవాళ్లు సెలవు పెట్టుకోవాలి, పెద్దవాళ్లను ఇళ్ల నుంచి తీసుకురావాలి. జవాబు ఫోన్లో వద్దు, కాగితం మీద ఇప్పించండి.

ఇట్లు,
పాతనగరం నుంచి మీ ఓటరు